మూడు వరసల కాగితం

ఆ కాగితం నేను చూసింది అమెరికాలో, ఒక యూనివర్సిటీ సంగీత విభాగం హాలు బయట, కాఫీ ఫ్లాస్కులు పెట్టిన బల్ల దగ్గర.

అమ్మాయి పురుడికని వెళ్ళాం. మా ఆవిడకి చేతినిండా పని. నాకు కిటికీలోంచి మంచు చూడడం తప్ప వేరే ఉద్యోగం లేదు. నా అవస్థ కనిపెట్టిన అల్లుడు ఒక శుక్రవారం సాయంత్రం, “మామయ్యగారూ, టికెట్టు లేని కచేరీ ఒకటుంది, దిగబెడతాను రండి” అని కారెక్కించాడు. ఆ యూనివర్సిటీలో పాఠాలు చెప్పే ఇద్దరు ఇస్తున్న కచేరీ అది. బసూన్, పియానో. పియానోని సినిమాల్లో చూశాను. బసూన్ అంటే ఏమిటో తెలియకుండానే వెళ్ళి ముందు కుర్చీల్లో కూర్చున్నాను. హాల్లో అరవై మంది ఉంటారేమో.

వేదిక మీదికి వచ్చినావిడ చేతిలో మా తాతగారి పందిరిమంచం కోడు లాంటిది ఉంది. ఎర్రటి చెక్క, దాని ఒళ్ళంతా వెండిరంగు మీటలు, పక్కనుంచి కొంకిలా వంగి బయటికొచ్చిన సన్నటి లోహపు గొట్టం. ఆవిడ వెనకాల పియానో ఆయన, ఆయన వెనకాల పేజీలు తిప్పడానికి ఒక విద్యార్థిని. ఆవిడ పక్కనున్న స్టూలు మీద చిన్న ప్లాస్టిక్ డబ్బీ పెట్టారు. అది చూడగానే నాకు చుట్టం కనిపించినట్టయింది. పాతకాలపు కెమెరా ఫిల్ము డబ్బీ! మా ఇంట్లో అందులో వక్కపొడి పోసుకునేవాళ్ళం. ఆవిడ అందులో నీళ్ళు పోసి రెండు పుల్లల్లాంటివి నానేశారు. సన్నాయికి పీక ఎలాగో బసూన్‌కి ఆ రీడ్ అలాగ. రెండు పలచటి రేకులు ఒకదానికొకటి ఆనించి కట్టి ఉంటాయి. ఊదితే ఆ రెండూ కొట్టుకుని పలుకుతాయి. ఆ లెక్కన బసూన్, మన పెళ్ళి సన్నాయి దూరపు బంధువులే. అది తెలిశాక కుర్చీలో కొంచెం సర్దుకుని కూర్చున్నాను.

ముప్ఫై నాలుగేళ్ళ బ్యాంకు ఉద్యోగం నాకొక చెడ్డ అలవాటు చేసిపెట్టింది. ఇద్దరు కలిసి ఏ పని చేస్తున్నా వీళ్ళలో ఆఫీసరెవరు, అసిస్టెంటెవరు అని వెతుకుతాను. ఆ రోజూ అదే పని. మొదట ఎల్గర్ అనే ఇంగ్లీషు స్వరకర్త రాసిన ‘రొమాన్స్’ వాయించారు. 1910 నాటిది. ఎల్గర్ కుర్రతనంలో తనూ బసూన్ వాయించినవాడే. లండన్ సింఫనీ ఆర్కెస్ట్రాలో ప్రధాన బసూన్ వాద్యకారుడైన ఎడ్విన్ జేమ్స్ కోసం దాన్ని రాశాడు. అసలైతే వెనకాల ఆర్కెస్ట్రా ఉండాలి. ఆ వేళ ఆర్కెస్ట్రా చాకిరీ అంతా పియానో చేసింది. సరే, ఆవిడే ఆఫీసరు అనుకున్నాను. రెండోది హిండెమిత్ అనే జర్మన్ స్వరకర్త సొనాటా, అంటే ఒకటి రెండు వాద్యాల కోసం భాగాలుగా రాసే రచన. నాజీలతో పడక హిండెమిత్ జర్మనీ వదిలి స్విట్జర్లాండ్ వెళ్ళిపోయిన 1938లోనే రాసింది. అందులో పియానో ఎక్కడా చేతులు కట్టుకుని నిలబడదు, మాటకి మాట చెబుతుంది. అయితే ఆయనే ఆఫీసరు కాబోలు అనుకున్నాను. చివరిది సాన్‌సాన్స్ అనే ఫ్రెంచి స్వరకర్త సొనాటా. అది మొదలైన రెండు నిమిషాలకే నా లెక్క తప్పింది. ఎవరు ఎవరి వెనక నడుస్తున్నారో పోల్చుకోలేకపోయాను.

కచేరీ అయ్యాక బయట కాఫీ, బిస్కెట్లు. అక్కడ అది ఆచారంట, వాయించినవాళ్ళు కూడా వచ్చి అందరితో నిలబడతారు. పియానో ఆయన చంకలోని పుస్తకం బల్ల మీద పెట్టి కప్పు అందుకున్నారు. నేను ఉండబట్టలేక, మీ ఇద్దరిలో ఎవరు నడిపిస్తారని అడిగేశాను. ఆయన నవ్వి పుస్తకం తెరిచారు.

పేజీలో గీతల కట్టలు మూడేసి చొప్పున ఉన్నాయి. కింద రెండు వరసలు పియానోవి, ఒకటి కుడిచేతికి, ఒకటి ఎడమచేతికి. వాటి నెత్తిన ఇంకో వరస, కాస్త చిన్న అక్షరాల్లో. అది బసూన్‌ది. ఆయన వాయించాల్సింది కాదు, ఆయన ముందు ఉండాల్సింది. తర్వాత ఆవిడ పుస్తకం కూడా చూపించారు. అందులో ఉన్నది ఒకటే వరస, ఆవిడది. పియానో ఉన్న జాడే లేదు. ఆవిడ వాయించకుండా ఆగాల్సిన చోట ఎన్ని లెక్కలు ఆగాలో అంకె ఒకటి వేసి వదిలేశారు. ఇదేదో వాళ్ళిద్దరి ఏర్పాటు కాదు. ఈ సంగీతంలో అచ్చు పద్ధతే అది. పియానో వాయించేవారికి మొత్తం కనిపిస్తుంది, రెండోవారికి తమ భాగమే కనిపిస్తుంది.

“నా కాగితం మీద ఆవిడ ఉంది. ఆవిడ కాగితం మీద నేను లేను. కాబట్టి ఏదైనా చెడితే ముందు అడగాల్సింది నన్నే,” అన్నారాయన.

నడిపించేదెవరన్న నా ప్రశ్నకి ఆయన ఇచ్చిన జవాబు అంతే.

ఆ రెండు పుస్తకాల నిండా పెన్సిల్ గుర్తులున్నాయి. ఆయన పేజీలో, బసూన్ వరస మీద అక్కడక్కడ కామాలు. ఆవిడ ఊపిరి తీసుకునే చోట్లవి. ఒకచోట ఒక జత కళ్ళద్దాల బొమ్మ. అదేమిటంటే, ‘ఇక్కడ తలెత్తి ఆవిడ వైపు చూడు’ అని తనకి తను రాసుకున్న ఆజ్ఞ. వాద్యకారులు చాలామంది ఈ బొమ్మ వేసుకుంటారట. ఆవిడ పేజీలో నన్ను ఆపేసింది వేరొకటి. అచ్చులో ఖాళీగా వదిలేసిన చోట్ల ఆవిడ చిన్న చిన్న స్వరాలు పెన్సిల్‌తో రాసుకున్నారు. పియానో ఆయన అప్పుడు ఏం వాయిస్తుంటారో అది. ప్రచురణకర్త ఇవ్వని వరసని ఆవిడే గీసుకున్నారు.

నా ఉద్యోగంలో నేనెప్పుడూ గీయలేదు.

జూన్ నెల, పంట రుణాల కాలం. నేను ఒక పల్లెటూరి బ్రాంచికి మేనేజర్ని. రైతులు వచ్చి అప్పు ఎప్పుడిస్తారంటే “గురువారం రండి” అనేవాణ్ణి. మాట ఇవ్వడం నాకు తేలిక. ఆ గురువారం లోపల ఫీల్డ్ ఆఫీసరు ఊరూరూ తిరిగి పొలం చూడాలి, పాసు పుస్తకం, అడంగల్ సరిపోల్చాలి, పాత బాకీ ఉందేమో పక్క బ్యాంకులో వాకబు చేయాలి. పదిహేడు ఊళ్ళు, ఒక మోటార్ సైకిలు. నా డైరీలో నా ‘గురువారం’ ఉండేది, ఆయన పదిహేడు ఊళ్ళు ఉండేవి కావు. ఒక గురువారం కౌంటరు దగ్గర ఇరవైమంది రైతులు గొడవకి దిగితే, వాళ్ళ ముందే ఆయన్ని కసిరాను. ఆయన మారు పలకలేదు. రెండు నెలల తర్వాత బదిలీకి అర్జీ పెట్టుకున్నాడు. కారణం దగ్గర ‘కుటుంబ పరిస్థితులు’ అని రాశాడు. నేను సంతకం పెట్టి పంపించాను. బ్రాంచి మొత్తం కనిపించే కుర్చీలో కూర్చున్నది నేను. ఆయన వరస నా కాగితం మీద లేకపోవడం ఆయన తప్పెలా అవుతుంది?

వంగలేని చోట్లు

కలిసి పనిచేయడం మీద వచ్చే పుస్తకాలు ‘సర్దుకుపోండి’ అని చెబుతాయి. ఎవరు, ఎక్కడ, ఎంత సర్దుకోవాలో చెప్పవు. చివరికి నోరు లేనివాళ్ళే అన్నిచోట్లా సర్దుకుంటారు. బసూన్, పియానోల దగ్గర నాకు దొరికిన లెక్క ఇంతకంటే కచ్చితమైనది. అందుకే ఈ అధ్యాయం సన్నాయి దూరపు చుట్టం మీద రాస్తున్నాను.

పియానో సంగతి చూడండి. వేదిక మీద పెట్టే పెద్ద పియానో తొమ్మిది అడుగుల పొడవు, దాదాపు అర టన్ను బరువు. పొద్దున ఎవరో వచ్చి తీగలు బిగించి శ్రుతి చేసి వెళతారు. ఆ తర్వాత కచేరీ మధ్యలో దాని శ్రుతిని వెంట్రుకవాసి కూడా మార్చలేరు. ఎంత గొప్ప పియానిస్టు కూర్చున్నా అంతే. పైగా ఆయన తన పియానో తాను తెచ్చుకోలేడు. ఏ హాల్లో ఏది ఉంటే దానితోనే కాపురం. కాబట్టి శ్రుతి విషయంలో వంగాల్సింది బసూన్. ఆవిడ పెదవుల బిగువు మార్చి స్వరాన్ని కొంచెం పైకో కిందకో జరపగలదు. అదీ చాలకపోతే ఆ కొంకి గొట్టాన్నే మారుస్తుంది. కొంచెం పొడుగూ పొట్టీ తేడాతో నంబర్లు వేసినవి పెట్టెలో రెండు మూడు ఉంటాయి.

ఇప్పుడు బిగ్గరతనం. బసూన్ గొట్టాన్ని విప్పి నిటారుగా నిలబెడితే ఎనిమిది అడుగులు వస్తుంది గానీ, మధ్యలోకి మడిచి నాలుగున్నర అడుగులు చేశారు. బరువు మూడు కిలోల పైన. దాని పై స్వరాలు పలచన, ఎవరైనా మీద పడితే వినిపించవు. కింది స్వరాలకి గొంతు లావు, కానీ మెత్తగా పలికించడం మహా కష్టం. అర టన్ను వాద్యం ముందు అది అరిచి గెలవలేదు. కాబట్టి ఇక్కడ వంగాల్సింది పియానో. ఇక్కడొక కిటుకు ఆ కాఫీ బల్ల దగ్గరే తెలిసింది. పియానోని తగ్గించమంటే కొత్తవాళ్ళు రెండు చేతులూ సమానంగా తగ్గిస్తారు, లేదా మూత దించేస్తారు. ఇబ్బంది అక్కడ లేదు. బసూన్ పాడే చోటు, పియానో ఎడమచేయి ఆడే చోటు దాదాపు ఒకటే. ఒకే గదిలో రెండు కాపురాలు. అందుకని ముందు ఎడమచేయి తేలిక చేయాలి, తర్వాత స్వరాల్ని మోగుతూ ఉంచే కాలి పెడల్ పొదుపు చేయాలి. కుడిచేయి మామూలుగానే మెరవొచ్చు. తగ్గాల్సింది మనిషంతా కాదు, పక్కవాళ్ళ మీద పడుతున్న ఆ ఒక్క చేయి.

మూడోది ఊపిరి. పియానోకి ఊపిరి అక్కర్లేదు, తెల్లవార్లూ వాయించవచ్చు. బసూన్ వాయించే మనిషి ఊపిరి పీల్చుకోవాలి. ఆ కామాలు అందుకే. ఆవిడ పీల్చే చోట ఆయనా ఒక రెప్పపాటు ఆగుతాడు. ఆగకపోతే ఆవిడ వెనకబడ్డట్టు వినిపిస్తుంది, ఆగితే సంగీతమే ఊపిరి తీసుకున్నట్టు వినిపిస్తుంది. దీనికి తిరగబడ్డ లెక్క కూడా ఒకటుంది. పియానో స్వరం మీట నొక్కిన మరుక్షణం నుంచీ చచ్చిపోతూ ఉంటుంది, దాన్ని పెంచడం ఎవరి తరమూ కాదు. బసూన్ ఒకే స్వరాన్ని పట్టుకుని ఉబ్బించగలదు. కాబట్టి పాట పియానో చేతికి వచ్చినప్పుడు ఆవిడ తన నిడివి స్వరాన్ని సన్నం చేసుకోవాలి. లేకపోతే బతికున్నది చచ్చిపోయేదాన్ని మింగేస్తుంది.

సాన్‌సాన్స్‌కి ఇదంతా వెన్నతో పెట్టిన విద్య. పదేళ్ళ వయసులో, 1846లో, పారిస్‌లోని సాల్ ప్లెయెల్ హాల్లో పియానో కచేరీ చేసిన పిల్లవాడు ఆయన. 1921లో, ఎనభై అయిదేళ్ళ వయసులో, ఎవరూ పెద్దగా పట్టించుకోని వాద్యాలకి ఏదైనా ఇచ్చి పోవాలని మూడు సొనాటాలు రాశాడు. ఓబోకి ఒకటి, క్లారినెట్‌కి ఒకటి, బసూన్‌కి ఒకటి. బసూన్‌ది ఓపస్ 168, అంటే ఆయన రచనల వరసలో 168వ నంబరుది. ఆ డిసెంబరులోనే అల్జీర్స్‌లో పోయాడు. జీవితమంతా పియానో ముందు గడిపినవాడు తన చివరి రచనల్లో ఒకదాంట్లో పియానోని ఎలా కూర్చోబెట్టాడో వినండి. మొదటి భాగంలో పియానో నీళ్ళలా పారుతూ ఉంటుంది, దాని మీద బసూన్ తాపీగా పడవలా వెళుతుంది. మూడో భాగం మొదట్లో చాలా నెమ్మది. ఆ నెమ్మది దగ్గర ఇద్దరికీ గండం ఉంది. మరీ నెమ్మదిస్తే ఆవిడకి ఊపిరి చాలదు, ఆయనకి స్వరం మిగలదు. ఎంత నెమ్మది అన్నది ఇద్దరిలో ఎవరి ఇష్టమూ కాదు. ముందు ఎవరికి అయిపోతుందో వాళ్ళని బట్టే వేగం.

ఇక్కడ మీరు ఒకమాట అడుగుతారు. నాతో పనిచేసేవాడు ‘నేను వంగలేను’ అని ప్రతిదానికీ అంటాడండీ, ఏం చేయను? న్యాయమైన ప్రశ్న. దానికి నేను వాడే కొలబద్ద ఇది: ఆ కుర్చీలో వేరే మనిషిని కూర్చోబెట్టినా ఆ ఇబ్బంది అలాగే ఉంటుందా? ఉంటే అది వాద్యం పరిమితి. పోతే అది మనిషి మొండితనం. శ్రుతి మార్చగలిగే పియానిస్టు భూమ్మీద లేడు, కాబట్టి అది పరిమితి. గట్టిగా తప్ప వాయించనంటాడా, అది ఆయన గుణం. పరిమితికి వంగండి. గుణంతో మాట్లాడండి, అవసరమైతే పోట్లాడండి.

ఒక ఇంటి సంగతి తీసుకుందాం. మన తెలుగిళ్ళలో ఇప్పుడు వీధికొకటి ఉంది. అమ్మకి ఎనభై. అన్న డల్లాస్‌లో, చెల్లెలు హైదరాబాద్‌లో అమ్మతో. అన్న డబ్బు పంపిస్తాడు, చెల్లెలు రాత్రిళ్ళు మేలుకుంటుంది. అన్నకి చెల్లెలు ఖర్చుల మనిషిలా కనిపిస్తుంది, చెల్లెలికి అన్న ఫోన్ల మనిషిలా కనిపిస్తాడు. అన్న రోజూ తన రాత్రి భోజనం అయ్యాక ఫోన్ చేస్తాడు. అది ఇక్కడ పొద్దున్న. అమ్మకి స్నానం చేయించి, మందులు వేసి, టిఫిను పెట్టే వేళ. ఫోన్ ఎత్తితే స్నానం చల్లారిపోతుంది, ఎత్తకపోతే ‘నా ఫోన్ ఎత్తట్లేదు’ అనే నింద. ఇప్పుడు కొలబద్ద పెట్టండి. డల్లాస్‌లో ఎవరున్నా రాత్రికి రాత్రి వచ్చి మంచం పక్కన కూర్చోలేరు. అది పరిమితి. హైదరాబాద్‌లో ఎవరున్నా అమ్మ స్నానం వేళని జరపలేరు. అదీ పరిమితే. ఫోన్ వేళ మాత్రం అన్నగారి అలవాటు, అది జరుగుతుంది. ఎడమచేయి ఎక్కడుందో దొరికింది. దాన్ని తేలిక చేస్తే చాలు. డబ్బు పెంచడం, కన్నీళ్ళు పెట్టుకోవడం, బంధువుల్ని కూర్చోబెట్టి పంచాయితీ చేయడం, వీటి అవసరమే రాకపోవచ్చు.

మరీ తగ్గినవాళ్ళు

ఇంగ్లండులో జెరాల్డ్ మూర్ అని ఒక పియానిస్టు ఉండేవాడు. 1899లో పుట్టాడు. జీవితమంతా ఇతరుల పక్కన కూర్చుని, ముఖ్యంగా గాయకుల పక్కన, వాయించాడు. 1962లో తన కథ రాసుకుని దానికి పెట్టుకున్న పేరు ‘ఆమ్ ఐ టూ లౌడ్?’. నేను మరీ గట్టిగా వాయిస్తున్నానా అని. పేరు చూసి ఇదెవరో అణకువ మూర్తి అనుకుంటాం. అంతకు చాలా ముందే, 1943లో, ఆయన ఇంకో పుస్తకం రాశాడు. దాని పేరులో తనని తాను సిగ్గుపడని పక్కవాద్యగాడు అని చెప్పుకున్నాడు. ఈ రెండు పేర్లూ ఒకే మనిషివి. మరీ గట్టిగా ఉన్నానా అని ప్రతి నిమిషం అడుగుతాడు, పక్కన కూర్చున్నందుకు సిగ్గుపడడు. 1967లో లండన్ రాయల్ ఫెస్టివల్ హాల్లో ఆయన వీడ్కోలు కచేరీకి ఆ కాలపు మహా గాయకులు ముగ్గురు, ఫిషర్-డీస్కావ్, ష్వార్ట్స్‌కాఫ్, విక్టోరియా దె లాస్ ఆంఖెలెస్, వచ్చి పాడారు. ఆ సాయంత్రం చివర ఆయన ఒక్కడే కూర్చుని షూబర్ట్ పాటొకటి పియానో మీద వాయించాడు.

మూర్‌ని ఎందుకు తెచ్చానంటే, ‘ఎదుటివాళ్ళ వరస చూడు’ అన్న మాటని కొందరు ‘నీ వరస చెరిపేసుకో’ అని వింటారు. ముఖ్యంగా మన ఇళ్ళలో ఆడవాళ్ళు, ఆఫీసుల్లో కొత్తగా చేరిన పిల్లలు. హిండెమిత్ సొనాటాలో పియానో భయపడి వాయిస్తే బసూన్‌కి కాలు మోపడానికి నేల ఉండదు. గాలిలో ఊదుకోవాల్సిందే. అమెరికా సంగీత విద్యాలయాల్లో ఇప్పుడు పియానిస్టుని ‘అకంపనిస్ట్’ అనడం తగ్గించి ‘కొలాబరేటివ్ పియానిస్ట్’ అంటున్నారు. పేరు మారిస్తే జీతం మారుతుందా అంటే ఏమో గానీ, పని ఏమిటో ఆ పేరులో సరిగ్గా ఉంది.

మనకి ఈ విషయం కొత్త కాకూడదు. పక్కవాద్యం అనే మాట ఉన్న భాష మనది. కర్ణాటక కచేరీలో వయొలిన్ విద్వాంసుడి ముందు కాగితమే ఉండదు. గాయకుడు ఏం పాడతాడో ముందు తెలియదు, చెవే కాగితం. విజయనగరంలో సంగీత కళాశాలలో పాఠాలు చెప్పిన ద్వారం వెంకటస్వామి నాయుడుగారు పక్కవాద్యంగా కూర్చున్నారు, అదే వయొలిన్‌తో ఒంటరి కచేరీలూ చేశారు. పక్కన కూర్చున్నంత మాత్రాన తగ్గిందేమీ లేదు. అయినా పెళ్ళి శుభలేఖల్లో, సన్మాన పత్రాల్లో, ఆఫీసు మెయిళ్ళలో పక్కవాద్యం పేరు ఎక్కడుంటుందో మీకు తెలుసు. అక్షరాలు చిన్నవవుతూ వచ్చి చివర్లో ఉంటుంది.

ఇక నానేసిన ఆ పుల్లల సంగతి. రీడ్‌ని వెదురులా బోలుగా ఉండే ఒక గడ్డిజాతి బొంగుతో చేస్తారు. దక్షిణ ఫ్రాన్స్‌లో వార్ ప్రాంతపు బొంగుకి పేరు. దాన్ని చీల్చి, లోపల చెక్కి, ఆకారం కోసి, మడిచి, తీగలు చుట్టి, దారం కట్టి, కొస తెరిచి, ఆ తర్వాత వెంట్రుకంత వెంట్రుకంత గీకుతూ, ఊది చూస్తూ, మళ్ళీ గీకుతూ కూర్చోవాలి. బసూన్ వాయించేవాళ్ళలో చాలామంది దీన్ని ఎవరికీ అప్పజెప్పరు, తామే చేసుకుంటారు. ఇంతా చేస్తే అది నిలిచేది కొన్ని వారాలు. వాన పడితే ఒకలా, ఎండ కాస్తే ఒకలా పలుకుతుంది. అందుకే వేదిక మీదికి ఆవిడ ఒకటి కాకుండా రెండు నానేసుకుని వచ్చారు. కారు ఖరీదు చేసే వాద్యం, రెండంగుళాల బొంగు ముక్క మీద ఆధారపడి బతుకుతుంది.

కాగితంలో ఈ పనికి చోటు లేదు. పియానో ఆయన మూడు వరసల్లోనూ రీడ్ కనిపించదు. మీతో పనిచేసేవాళ్ళకి కూడా ఇలాంటి కనిపించని పని ఒకటి ఉంటుంది. వంటగదిలో నానబెట్టిన పప్పు, రిపోర్టు వెనకున్న లెక్కలు, ఫీల్డ్ ఆఫీసరు టైర్ల పంక్చర్లు. దాన్ని మీరు చేయలేరు, చేయనక్కర్లేదు. అది ఉందని తెలుసుకుంటే చాలు, ‘అయిదు నిమిషాల పనే కదా’ అనే మాట నోట్లోంచి రాదు.

ఎలా రాయాలంటే

ఒక పని ఎంచుకోండి. జీవితమంతా కాదు, ఒకే పని. వచ్చే వారం మీరూ ఇంకొకరూ కలిసి చేయాల్సింది. పిల్లవాడి పరీక్షలు కావచ్చు, ఆడిట్ కావచ్చు, అమ్మ ఆస్పత్రి కావచ్చు. అడ్డంగా పెట్టిన కాగితం మీద మూడు గీతలు గీయండి. కింద రెండూ మీవి. ఒకదాని మీద మీరు పైకి చేసేది, ఇంకోదాని మీద మీరు వెనకాల చేసేది. పై గీత రెండోవాళ్ళది. అక్కడ సోమవారం నుంచి శనివారం దాకా వాళ్ళు ఏ రోజు ఏం చేస్తుంటారో రాయండి. నిజంగా రాయడానికి కూర్చుంటే పై గీతలో సగం ఖాళీగా మిగులుతుంది. నేను రిటైరయ్యాక, మా ఆవిడ రోజు గురించి రాయబోతే పదకొండు నుంచి నాలుగు దాకా ఖాళీ. నలభై ఏళ్ళ కాపురం. ఆ ఖాళీని ఊహించి నింపకండి. వెళ్ళి అడగండి. ఆరా తీస్తున్నట్టు కాకుండా, “నువ్వు ఊపిరి తీసుకునేది ఎక్కడ?” అన్న అర్థంలో అడగండి. మాట మీ ఇంటి మాటే వాడండి. నేను “మధ్యాహ్నం కాస్త నడుం వాలుస్తావా?” అని అడిగాను. “ఇన్నాళ్ళకి అడిగారు” అంది. జవాబు చెప్పడానికి గంట పట్టింది.

తర్వాత పై గీత మీద కామాలు పెట్టండి. వాళ్ళకి ఊపిరి కావలసిన చోట్లు. అక్కడ మీ గీతల్లో బరువైనది ఏదైనా పడుతోందా చూడండి. పడితే దాన్ని ముందుకో వెనక్కో జరపండి. జరపలేనిది మిగిలితే, అక్కడ కళ్ళద్దాల బొమ్మ వేయండి. ఆ రోజు, ఆ గంటకి మీరు తలెత్తి వాళ్ళ మొహం చూడాలి. అంతే ఆ బొమ్మకి అర్థం.

కాగితం వాళ్ళకి చూపించాలా? నేనైతే చూపించమంటాను. కుదిరితే వాళ్ళ కాగితంలో మీ వరసని వాళ్ళనే రాయమనండి. బసూన్ ఆవిడ రాసుకున్నట్టు. రాయకపోయినా నొచ్చుకోకండి. మొత్తం కనిపించే కుర్చీ ఎవరిదో వాళ్ళే ముందు రాయాలి, ఈ అధ్యాయం చదువుతున్నది మీరు కాబట్టి ప్రస్తుతానికి ఆ కుర్చీ మీదే.

ఒక్క జాగ్రత్త. పెన్సిల్‌తోనే రాయండి. ఆ కాఫీ బల్ల దగ్గర పుస్తకంలో చెరిపేసి మళ్ళీ వేసిన కామాలు బోలెడు చూశాను. ఏమిటిది అంటే, కిందటి ఏడాది ఆవిడ ఇంకో చోట ఊపిరి తీసుకునేది అన్నారాయన.